పక్కింట్లో పెట్టిన ప్రయాణం

2023, కార్తీకమాసం. రాజమండ్రి మెయిన్ రోడ్డుకు ఒక సందు లోపల, బట్టల కొట్టు మేడ మీద మా ట్రావెల్స్ ఆఫీసు. రెండు కంప్యూటర్లు, నాలుగు కుర్చీలు, నా టేబుల్ మీద ఒక గ్లోబు, దాని పక్కన ఒక దారపు ఉండ. ఇరవై రెండేళ్లుగా అక్కడే కూర్చుని జనాన్ని దేశాలు దాటిస్తున్నాను. నేను మాత్రం సింగపూర్ దాటి ఎరగను.

మా దగ్గరికి వచ్చేవాళ్లు కుర్చీలో సర్దుకోకముందే అడిగే మాట ఒకటుంది. "ఎన్ని గంటలండి?" నిజానికి ఇది అడగడానికి ఎవరూ మేడ ఎక్కి రానక్కర్లేదు, ఫోనులో కొడితే వస్తుంది. కానీ ఫోను చెప్పేది ఒక లెక్క, మేము చెప్పాల్సింది ఇంకొకటి. గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారం బిగించి పట్టుకుంటే వచ్చేది దూరం. విమానం తలుపు వేసినప్పటి నుంచి మళ్లీ తలుపు తీసేదాకా పట్టే సమయాన్ని బ్లాక్ టైమ్ అంటాం. ఒక విమానం దిగి ఇంకోటి ఎక్కడానికి మధ్యలో ఉండే వ్యవధి కనెక్షన్. ఇవన్నీ కూడి, గడియారాల తేడా చూసుకుని, ఏ రోజు ఎన్నింటికి దిగుతారో చెప్పడం మా పని. ఈ కూడికలో నేను ఎప్పుడూ తప్పలేదని ఆ ఏడాది వరకూ నాకు కాస్త గర్వంగానే ఉండేది.

ఒక శనివారం మధ్యాహ్నం ఇద్దరు ఆడవాళ్లు మెట్లెక్కి వచ్చారు. ముందు వచ్చిన పెద్దావిడ సుబ్బాయమ్మ గారు. డెబ్బై దాటాయి, మనిషి నిటారుగా ఉంది. వెనక వచ్చింది ఆవిడ కోడలు నాగలక్ష్మి, ముప్పై ఆరేళ్లది. వాళ్లది ఆత్రేయపురం. పొయ్యి మీద బోర్లించిన కుండకు బియ్యపు పిండి తడి అద్ది, పలచటి పూతరేకు ఊడదీసే పనిలో నాగలక్ష్మి చెయ్యి తిరిగిన మనిషి. కుడి అరచెయ్యి వేడికి నున్నగా కమిలి ఉంది. నా ముందు పెట్టిన పాస్‌పోర్టుకు మాత్రం ఒక్క ముడత లేదు.

"ఆక్లాండ్ ఎల్లాలండి," అంది నాగలక్ష్మి. "గురువారం పొద్దున్న ఎనిమిదింటికి ఆసుపత్రిలో ఉండాలండి. ఎన్ని గంటలండి?"

విషయం ఆమె తమ్ముడిది. రాంబాబు అక్కడ ఎలక్ట్రీషియన్. అమ్మానాన్న చిన్నప్పుడే పోతే ఈమే పెంచింది. అతడికి రక్తంలో క్యాన్సర్ వచ్చింది. మందులతో జబ్బు ప్రస్తుతానికి అణిగింది. మళ్లీ లేచేలోగా ఇంకొకరి మూలకణాలు ఎక్కించాలి. పరీక్షలు చేస్తే అక్కవి సరిపోయాయి. గురువారం ఉదయం ఆమెను చూశాకే శుక్రవారం నుంచి అతడికి పాత రక్తకణాలను తుడిచేసే పెద్ద మందు మొదలుపెడతారు. దాని కోసం ఒక ప్రత్యేకమైన గది తీసిపెట్టారు. ఈమె రాకపోతే ఆ గది వరసలో ఉన్న తరవాతి రోగికి వెళ్తుంది. మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో చెప్పలేమని ఆసుపత్రి వాళ్లు ఉత్తరంలో రాశారు. వీసా ఆ శనివారం పొద్దున్నే వచ్చింది.

నేను కంప్యూటర్ మీద పడ్డాను. హైదరాబాద్ నుంచి ఆక్లాండ్‌కు దారం లెక్కన పదకొండు వేల ఏడు వందల కిలోమీటర్లు. నేరుగా వెళ్లే విమానం లేదు, సింగపూర్‌లో మారాలి. ఆది, సోమవారాలు సీట్లు లేవు. మంగళవారం ఒక్కటి దొరికింది. మధ్యాహ్నం ఒకటిన్నరకు రాజమండ్రి, రాత్రి పదకొండుకు హైదరాబాద్, బుధవారం పొద్దున్న సింగపూర్, అక్కడి గడియారం ప్రకారం బుధవారం రాత్రి పదకొండుంపావుకు ఆక్లాండ్. గాలిలో ఉండేది పదిహేనున్నర గంటలు, ఇంటి గుమ్మం నుంచి లెక్కేస్తే ఇరవై తొమ్మిది. గురువారం ఎనిమిదికి ఆసుపత్రిలో ఉండొచ్చు. అదే బుధవారం బయల్దేరితే గురువారం రాత్రికి దిగుతుంది, గది పోయాక. కాబట్టి మంగళవారం తప్ప దారి లేదు.

"మంగళారం కుదరదమ్మా," అంది సుబ్బాయమ్మ గారు.

"ఎందుకండి?"

"మంగళారం ఆడకూతుర్ని గడప దాటిస్తామా ఎక్కడైనా? అదీ ఇలాటి పని మీద."

నేను గ్లోబు తిప్పి నా తెలివి చూపించబోయాను. "అక్కడ గడియారం మనకన్నా ఏడున్నర గంటలు ముందుంటుందండి. హైదరాబాద్‌లో విమానం ఎక్కేసరికి ఆక్లాండ్‌లో బుధవారం తెల్లారిపోతుంది. ఆ లెక్కన మంగళవారం కాదు."

ఆవిడ గ్లోబు వంక, నా వంక చూసింది. "ఎక్కేది అక్కడ కాదు కదమ్మా. ఇక్కడ."

నేను గ్లోబు పక్కకు జరిపాను. నాగలక్ష్మి తల వంచుకుని కూర్చుంది. నాకు ఒళ్లు మండింది. ఒక మనిషి ప్రాణం అక్కడ, వారాలు వర్జ్యాలు ఇక్కడ. ఇంకో పది నిమిషాలు వాదిస్తే ఆ ఒక్క సీటూ పోతుంది. అప్పుడు ఆవిడే అంది.

"సరే. సోమారం పదీ ఇరవైకి మంచి గడియ ఉంది. ప్రస్థానం పెట్టేద్దాం."

తెలియని వాళ్లకు చెబుతాను. బయల్దేరే రోజు మంచిది కానప్పుడు, అంతకు ముందున్న మంచి గడియలో ప్రయాణికుడి సామానులో ఒకటి తీసుకెళ్లి పక్కవాళ్ల ఇంట్లో పెడతారు. దాంతో ప్రయాణం మొదలైపోయినట్టే. ఇక ఏ రోజు కదిలినా దోషం ఉండదు. దీనికీ షరతులున్నాయి. పెట్టే వస్తువు మనిషితో పాటు నిజంగా వెళ్లేదై ఉండాలి. ఒకసారి పెట్టాక వెనక్కి ఇంట్లోకి తేకూడదు. వెళ్తూ వెళ్తూ దారిలో అందుకుని పోవాలి. మా అమ్మమ్మ కాలంలో విన్నానే తప్ప ఎవరైనా పాటించగా నేను చూడలేదు.

"చాలా మంచి పద్ధతండి," అన్నాను. వాదన ముగిసిందన్న సంతోషంతో అన్న మాట అది, లోపల నవ్వు కూడా వచ్చింది. టికెట్ చేసేశాను. మూడు విమానాలూ ఒకే పీఎన్ఆర్ మీద వేశాను. పీఎన్ఆర్ అంటే బుకింగ్ నంబరు. అన్నీ ఒకే నంబరు మీద ఉంటే, మొదటి విమానం ఆలస్యమై తరవాతిది తప్పినా ఎయిర్‌లైన్ వాళ్లదే పూచీ. మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను ఎప్పుడూ అలాగే చేస్తాను.

లేచేముందు నాగలక్ష్మి చేతిలో ఒక నీలం రంగు చేతిసంచి పెట్టాను. మా ఆఫీసు తరఫున అందరికీ ఇచ్చేదే. పాస్‌పోర్టు, టికెట్లు, ఆసుపత్రి ఉత్తరం, వీసా కాగితం అన్నీ నా చేతులతో అందులో సర్ది, జిప్పు లాగి చెప్పాను. "అమ్మా, ఇదే అసలు సంచి. పెట్టె పోయినా పర్వాలేదు, ఇది పోతే ప్రయాణం లేదు."

సుబ్బాయమ్మ గారు ఆ మాట శ్రద్ధగా విని తలూపింది. "ఆయ్," అంది.

మంగళవారం నేను వాళ్లింటికి వెళ్లాల్సిన పని లేదు. కానీ ఆవిడ మళ్లీ ఏ తిథో తీస్తుందేమో అని అనుమానం. నేనే కారు మాట్లాడుకుని ఆత్రేయపురం వెళ్లాను. పదిన్నరకు ఇల్లు చేరాను. పదీ నలభై ఐదుకు కదిలితే పన్నెండుకు ఎయిర్‌పోర్టులో ఉంటాం. ఒకటిన్నర విమానానికి పన్నెండూ ముప్పావుకు కౌంటర్ మూసేస్తారు. అంటే ఎంత ఆలస్యమైనా పదకొండూ ఇరవైకి కారు కదలాలి.

పెట్టె కారులో పెట్టారు. నాగలక్ష్మి భర్త సత్తిబాబు హైదరాబాద్ దాకా తోడు వస్తున్నాడు. నేను అలవాటుగా అడిగాను. "అమ్మా, పాస్‌పోర్టు ఒకసారి చూపించు."

"సంచిలో ఉందండి."

"సంచేది?"

"రత్నం పిన్ని గారింట్లో ఉందండి. నిన్న ప్రస్థానం పెట్టాం కదండి."

నేను సుబ్బాయమ్మ గారి వైపు తిరిగాను. ఆవిడ ముఖంలో తప్పు చేసిన ఛాయే లేదు. "నువ్వే కదమ్మా అసలు సంచి ఇదే అన్నావు. పెట్టేది అసలు సామానే అయ్యుండాలి. చీరలు పెడితే ప్రస్థానం ఔతుందా?"

ఆవిడ చెప్పింది ముమ్మాటికీ నిజం. నేను చెప్పిన మాటనే ఆవిడ తూచా తప్పకుండా పాటించింది. సరే, పక్కిల్లే కదా, అందుకుని పోదాం అని వీధిలోకి వచ్చాం. రత్నం గారి ఇంటికి తాళం వేసి ఉంది.

రత్నం గారూ పూతరేకుల మనిషే. పొద్దున్న ఏడింటికి భర్తతో కలిసి తణుకులో ఏదో పెళ్లివారికి సరుకు ఇవ్వడానికి వెళ్లిందని ఎదురింటి వాళ్లు చెప్పారు. సత్తిబాబు ఫోను చేశాడు. లోపల, తాళం వేసిన తలుపు వెనక, ఫోను మోగింది. మళ్లీ చేశాడు. మళ్లీ మోగింది. భర్త నంబరుకు చేస్తే స్విచాఫ్.

"వచ్చేస్తాదిలే," అంది సుబ్బాయమ్మ గారు. "సంచి సంగతి తనకి తెలుసు."

పదీ యాభై అయింది. సత్తిబాబు బండి తీసుకుని రావులపాలెం బస్టాండు దాకా వెళ్లాడు, వాళ్లు బస్సు దిగితే ఎక్కించుకు రావడానికి. నేను అరుగు ముందు అటూ ఇటూ తిరుగుతున్నాను. పదకొండు. పదకొండూ ఐదు. కారు డ్రైవరు ఇంజను ఆపేసి నా వంక చూశాడు.

"తాళం పగలగొడదామండి," అన్నాను.

సుబ్బాయమ్మ గారు నా మీద గయ్యిమనలేదు. మెల్లగా, తేల్చేసినట్టు అంది. "ఒకరింటి తాళం బద్దలుకొట్టి ప్రయాణమా? అంతకన్నా అపశకునం ఏముంటుందమ్మా? ఆ పిల్లాడికి మంచి జరగాలని కదా ఇదంతా."

"మంచి జరగాలంటే ఆవిడ అక్కడ ఉండాలండి. ఇంకో పావుగంటలో కదలకపోతే విమానం దొరకదు."

"రత్నం వచ్చేస్తాది."

ఇరవై రెండేళ్లలో కోపిష్టి కస్టమర్లను, ఏడ్చే కస్టమర్లను చాలామందిని చూశాను. ఇలాంటి చోట చిక్కుకోవడం మాత్రం అదే మొదలు. నా చేతిలో మూడు దేశాల విమానాల టైములున్నాయి. ఎదురుగా ఒక ఇత్తడి తాళం ఉంది. నాగలక్ష్మి అరుగు మీద కూర్చుని చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది. ఆ మనిషి ఒక్కసారి గట్టిగా అడిగితే బాగుండునని నాకు ఆమె మీద కూడా కోపం వచ్చింది. పదకొండూ ఇరవై దాటిపోయింది.

పదకొండూ పాతికకు నాగలక్ష్మి ఫోను మోగింది. రాంబాబు. అక్కడ సాయంత్రం ఏడు కావస్తోంది. ఎత్తబోతూ ఆమె స్పీకర్ నొక్కేసింది. సన్నటి గొంతు, మధ్యమధ్య ఊపిరి తీసుకుంటూ మాట్లాడుతున్నాడు.

"అక్కా, బయల్దేరారా?"

నాగలక్ష్మి తాళం వంక చూసింది. "బయల్దేరామురా."

"కారులో ఉన్నారా? చప్పుడు రాట్లేదేంటి?"

"సిగ్నల్ సరిగా లేదురా. నువ్వేమన్నా తిన్నావా?"

"తిన్నానక్కా. నీ కోసమే చూస్తున్నా. గది చూపించారు ఇవాళ. కిటికీ ఉంది."

"వచ్చేస్తున్నాను నాన్నా," అని ఫోను పెట్టేసి, ఆమె కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

సుబ్బాయమ్మ గారు కోడలి వంక చూసింది. తరవాత తన ఇంటి పెరట్లోకి నడిచింది. తిరిగి వచ్చినప్పుడు చేతిలో కొబ్బరికాయలు ఒలిచే గునపం ఉంది. డ్రైవరు అందుకోబోతే చెయ్యి విదిలించింది.

"నువ్వు ముట్టుకోకు. ముహూర్తం పెట్టింది నేను. ఏ పాపమైనా ఉంటే నాకే తగలనీ."

గునపం మొన తాళం కొక్కెంలో దూర్చి ఒంట్లో బలమంతా వేసింది. తాళం రాలేదు, గొళ్లెం పట్టీ చెక్కతో సహా ఊడి వచ్చింది. నాగలక్ష్మి ఇల్లంతా వెతకాల్సి వచ్చింది. రత్నం గారు ఆ సంచిని భద్రంగా దేవుడి గూట్లో, పటాల వెనక పెట్టింది. జిప్పు తీసి చూశాను. పాస్‌పోర్టు ఉంది. సత్తిబాబు ఒంటరిగానే తిరిగి వచ్చాడు. కారు కదిలేసరికి పదకొండూ నలభై. సుబ్బాయమ్మ గారు రాలేదు. గొళ్లెం ఊడిన ఇంటిని వదిలి ఎలా వస్తానని ఆ గుమ్మంలోనే గునపం పక్కన పెట్టుకుని కూర్చుంది.

"ఎనక్కి చూడకు," అని మాత్రం కోడలికి చెప్పింది.

ఆత్రేయపురం నుంచి రావులపాలెం పావుగంట. అక్కడ హైవే వస్తుంది. ఎడమకు తిరిగితే జొన్నాడ వంతెన మీదుగా రాజమండ్రి. కుడికి తిరిగితే విజయవాడ మీదుగా హైదరాబాద్. ఆ పావుగంటలో నేను తేల్చుకోవాలి.

ఎడమకు తిరిగితే కౌంటర్ మూసేలోగా చేరడానికి యాభై నిమిషాలు కూడా ఉండవు. డ్రైవరు "కొట్టేద్దామండి" అంటున్నాడు. ఒకవేళ అందకపోతే? ఒకటి దాటాక అక్కడి నుంచి హైదరాబాద్‌కు రోడ్డున బయల్దేరితే రాత్రి విమానం కూడా దొరకదు. కుడికి తిరిగితే హైదరాబాద్ ఎయిర్‌పోర్టు నాలుగు వందల ఇరవై కిలోమీటర్లు, ఎనిమిదిన్నర తొమ్మిది గంటలు. రాత్రి పదికి కౌంటర్ మూస్తారు. గంట చేతిలో ఉంటుంది.

కుడే మేలు. కానీ ఇక్కడ నేను తెలివిగా వేసిన ఒకే పీఎన్ఆర్ మెడకు చుట్టుకుంది. మొదటి విమానం ఎక్కకపోతే కంప్యూటర్ దాన్ని నోషో అంటుంది, అంటే మనిషి రాలేదని. నోషో పడగానే ఆ నంబరు మీద మిగిలిన విమానాలన్నీ వాటంతట అవే రద్దవుతాయి. హైదరాబాద్‌లో మనిషి నిలబడి ఉన్నా సీటు ఉండదు. ఇది జరగకుండా ఉండాలంటే ఒకటిన్నరకు విమానం లేచేలోగా ఆ మొదటి ముక్కను తీసేయించి, టికెట్‌ను హైదరాబాద్ నుంచి మొదలయ్యేలా మళ్లీ రాయించాలి. దాన్ని రీఇష్యూ అంటాం. అది నా చేతిలో లేదు. ఎయిర్‌లైన్ డెస్క్ వాళ్లు చెయ్యాలి. వాళ్లు ఫోనెత్తాలి.

జంక్షన్‌కు నూరు గజాల దూరంలో డ్రైవరు వేగం తగ్గించాడు. "ఎటండి?"

నాగలక్ష్మి వెనక సీట్లోంచి అడిగింది. "మేడమ్ గారూ, మీరు చెప్పండి. అందుతాదాండి?"

అందుతుందో లేదో నాకు తెలియదు. ఆ మాట ఒక కస్టమరుతో అనడం నాకు చేతకాదు. "కుడికి," అన్నాను. కారు ఆపించి నేను దిగిపోయాను. "మీరు ఆగకుండా వెళ్లండి. టికెట్ సంగతి నేను చూస్తాను."

కారు వెళ్లిపోయింది. హైవే పక్కన ఒక జిరాక్స్ షాపు ఉంటే, ఆయన్ని బతిమాలి స్టూలు మీద కూర్చున్నాను. డెస్క్‌కు ఫోను చేశాను. మొదటిసారి పన్నెండు నిమిషాలు పాట వినిపించి కట్టయింది. రెండోసారి ఒకావిడ ఎత్తి, వివరమంతా విని, ఇది మా విభాగం కాదంటూ ఇంకొకరికి కలిపింది. పన్నెండూ నలభై. మూడో మనిషి పేరు, నంబరు రాసుకుని, కారణం అడిగింది. ఏమని చెప్పను? పాస్‌పోర్టు పక్కింటి దేవుడి గూట్లో ఉండిపోయిందనా?

"ఆసుపత్రి పనండి. ఒక మనిషి ప్రాణం," అన్నాను.

"చూస్తాను మేడమ్. లైన్లో ఉండండి."

ఒంటిగంట. సత్తిబాబు నా రెండో ఫోనుకు చేశాడు. తణుకు దాటి చాలాసేపైందట. "టికెట్ అయిందాండి?" అని అడిగాడు. "అవుతోంది, మీరు పదండి," అన్నాను. ఒకవేళ అవకపోతే ఆ మనిషిని నేను నాలుగు వందల కిలోమీటర్లు ఊరికే తోలేసినట్టు. రాజమండ్రి వైపు వెళ్తే దొరికేదేమో అని జీవితాంతం అనుకుంటాను. జిరాక్స్ షాపాయన ఏమనుకున్నాడో, ఒక గ్లాసుడు మంచినీళ్లు తెచ్చి నా పక్కన పెట్టాడు. ఒకటీ పది. ఒకటీ పదిహేను. ఫోనులో అదే పాట.

ఒకటీ పద్దెనిమిదికి పాట ఆగింది. "అయింది మేడమ్. మెయిల్ చూసుకోండి."

చూశాను. మొదటి ముక్క లేదు. హైదరాబాద్, సింగపూర్, ఆక్లాండ్. రెండు విమానాల్లోనూ ఆమె పేరు. ఇంకో పన్నెండు నిమిషాలు గడిచి ఉంటే ఏమయ్యేదో నాకు బాగా తెలుసు. ఆ స్టూలు మీదే కూర్చుని ఏడ్చాను. సిగ్గుపడాల్సిన పనేమీ లేదు కనక చెబుతున్నాను.

ఆ సాయంత్రం దాకా ఫోన్లే. నందిగామ. సూర్యాపేట. చౌటుప్పల్ దగ్గర లారీ అడ్డం పడి నలభై నిమిషాలు ఆగిపోయారు. చేతిలో ఉందనుకున్న గంట చాలావరకు అక్కడే పోయింది. కౌంటర్ మూయడానికి పది నిమిషాల ముందు ఆమె సంచి చేతిలో పట్టుకుని నిలబడిందని సత్తిబాబు చెప్పాడు. మర్నాడు నేను ఏ పనీ సరిగా చెయ్యలేదు. కస్టమర్లతో మాట్లాడుతూనే తెర మీద చిన్న విమానం బొమ్మ ఆస్ట్రేలియా దాటడం చూస్తూ కూర్చున్నాను. మన టైము నాలుగు కావస్తుండగా మెసేజ్ వచ్చింది. "దిగానండి. సంచి నా దగ్గరే ఉందండి."

గురువారం ఎనిమిదికి ఆమె ఆసుపత్రిలో ఉంది. శుక్రవారం రాంబాబుకు మందు మొదలుపెట్టారు.

రత్నం గారి సంగతి కూడా చెప్పాలి. మా కారు వెళ్లిన పది నిమిషాలకు ఆవిడ ఆటో దిగిందట. తలుపు చూసి కోప్పడలేదు, ఆశ్చర్యపోయింది. "ఒకటిన్నరకి విమానం అన్నారు కదా అత్తా, పన్నెండుకి బయల్దేరతారనుకున్నా. అందుకే పదకొండూ యాభైకల్లా వచ్చేశాను," అందట. ఆ ఒకటిన్నర ఎవరు చెప్పారు? నేనే. శనివారం నుంచి ఆ ఇంట్లో వాళ్లకూ, ఫోను చేసిన ప్రతివాళ్లకూ నేను చెప్పింది విమానం లేచే సమయమే. గుమ్మం దాటాల్సిన సమయం నా నోటి నుంచి రాలేదు. బస్సుకో రైలుకో వెళ్లినట్టే ఆ వీధి లెక్క వేసుకుంది. అందులో రత్నం గారి తప్పేముంది?

ఇంకో తప్పు దానికన్నా పెద్దది. సుబ్బాయమ్మ గారు ప్రస్థానం అన్నప్పుడు నేను లోపల నవ్వుకున్నాను. నవ్వకుండా ఒక్క ప్రశ్న అడిగి ఉంటే చాలు. ఏం పెడతారండి, ఎవరింట్లో పెడతారండి అని. ఎయిర్‌లైన్ షరతులు నాకు కంఠతా వచ్చు. మొదటి ముక్క వదిలేస్తే మిగతావి రద్దు అని నేను ఎంత నమ్మకంగా చెబుతానో, ఒకసారి పెట్టింది వెనక్కి తేకూడదని ఆవిడ అంతే నమ్మకంగా పాటించింది. ఒకదాన్ని నేను కాగితం మీద రాసుకున్నాను, రెండోదాన్ని లెక్కలోకే తీసుకోలేదు. ఇప్పుడు మా ఆఫీసులో టికెట్‌తో పాటు ఇచ్చే కాగితం మీద మొదటి వరస ఇల్లు విడిచే సమయం. ఆ కింద నేను స్వయంగా అడిగి రాసే వరస ఒకటుంది. ప్రస్థానం పెడుతున్నారా, పెడితే ఏ సంచి? చాలామంది నవ్వుతారు. నవ్వనిస్తాను.

నెలన్నర గడిచాక నాగలక్ష్మి ఫోను చేసింది. రాంబాబును ఆ గదిలోంచి బయటికి తెచ్చారట. "ఇప్పుడు వాడి ఒంట్లో తయారయ్యే రక్తం నాదేనటండి," అంది. వృత్తి అలవాటు కొద్దీ అడిగేశాను.

"ఎక్కించడానికి ఎన్ని గంటలు పట్టిందమ్మా?"

"గంట కూడా పట్టలేదండి. చిన్న సంచే. సెలైన్ లాగా ఎక్కించేశారు."

ఆమె తిరిగి వచ్చే టికెట్ నేనే చేశాను. ఒక బుధవారం పొద్దున్న హైదరాబాద్‌లో దిగేలా వేశాను. దానికి రెండు రోజుల ముందు, సోమవారం పదకొండింటికి మెట్ల మీద అడుగుల చప్పుడు విని తలెత్తితే సుబ్బాయమ్మ గారు. ఒక్కతే వచ్చింది, చేతిలో గుడ్డసంచి. రాజమండ్రిలో చెల్లెలి ఇంట్లో దిగిందట.

"కోడలు దిగేసరికి నేను అక్కడ ఉండాలమ్మా. రేపు మధ్యాహ్నం రైలు. రేపు మంగళారం," అంది. తరవాతి మాట నా ముఖం చూడకుండా అంది. "ఇప్పుడు మంచి గడియ ఉంది. ఇది నీ దగ్గర పెట్టి పోదామని."

నేను ఏమీ అనకముందే ఆవిడ సంచి మూతి విప్పి చూపించింది. ఒక చీర, ఒక తువ్వాలు, ఆకులో చుట్టిన పూతరేకులు. "చూడు. కాయితాలేం లేవు. టికెట్ నా బొడ్లోనే ఉంది. కానీ ఈ చీరే కట్టుకుని దిగుతాను, కాబట్టి అసలు సామానే."

"ఎన్నింటికి తీసుకెళ్తారండి?" అని అడిగాను. "రైలు టైము కాదు. మీరు ఇక్కడికి వచ్చే టైము చెప్పండి."

"పన్నెండుకల్లా వస్తాను."

రెండు చేతులతో అందుకుని, నా టేబుల్ కింద కాలు తగలని చోట పెట్టాను. మర్నాడు పొద్దున్న ఎనిమిదికే ఆఫీసు తెరిచాను. పదకొండుకు బ్యాంకులో పని ఉంటే బుధవారానికి వాయిదా వేశాను. ఆవిడ వచ్చి సంచి అందుకుని మెట్లు దిగేదాకా ఆ తలుపుకు తాళం వెయ్యలేదు.